నిమిషానికి రెండువందల ఎనిమిది

బస్సు డిపోలో ఆమెను అసలు పేరుతో పిలిచేవాళ్ళు లేరు. ఎదురుపడితే "అక్కా" అంటారు, పక్కకు తిరిగితే "గాభరా" అంటారు. ఆ పేరు మొదట ఎవరు పెట్టారో ఎవరికీ గుర్తులేదు. కొత్తగా చేరిన మెకానిక్ ఒకడు అది ఆమె ఇంటిపేరనుకుని, అందరి ముందూ "గాభరాగారూ" అని మర్యాదగా పిలిచి నాలుక కరుచుకున్నాడు. ఆమె నవ్వేసింది. ఆ నవ్వడం కూడా పంతొమ్మిదేళ్ళుగా అలవాటైపోయింది.

ఆమె పని డ్యూటీ చార్టు రాయడం. యార్డుకు ఎదురుగా మూడు వైపులా అద్దాలున్న చిన్న గది, అందులో బల్ల, బల్ల మీద గళ్ళ పుస్తకం. ఏ డ్రైవరు ఏ రోజు ఏ బస్సు తీసుకుని ఏ రూటుకు వెళ్ళాలో ముందు పెన్సిలుతో రాసి, సరిచూసి, తర్వాత పెన్నుతో దిద్దేది. నూట నలభై బస్సులు, మూడువందల పైచిలుకు డ్రైవర్లు. ఏ బండి క్లచ్చు రాయిలా ఉంటుందో, ఏ బండి వాన పడితే మొరాయిస్తుందో, ఏ డ్రైవరుకు ఏ కండక్టరుతో మాటల్లేవో అన్నీ ఆమెకు కరతలామలకం. ఎవరెవరిని ఏ స్టీరింగు చక్రం ముందు కూర్చోబెట్టాలో నిర్ణయించే ఆ మనిషి మాత్రం ఏ చక్రం ముందూ కూర్చునేది కాదు.

కూర్చోవాలనే వచ్చింది. భార్యాభర్తలిద్దరూ ఒకప్పుడు ఆ డిపోలోనే కండక్టర్లు. పరిచయమైంది కూడా షిఫ్టులు మారే చోటే, టిక్కెట్ల పెట్టె ఒకరి చేతి నుంచి ఒకరి చేతికి మారుతుంటే. అందుకే పెళ్ళయ్యాక కూడా ఆమె అతన్ని "నువ్వు" అనేది. ఆడవాళ్ళను కూడా డ్రైవర్లుగా తీసుకుంటామని కంపెనీ మొదటిసారి ప్రకటించినప్పుడు ఇద్దరూ ఒకే రోజు దరఖాస్తు పెట్టారు. ఆ బ్యాచీలో ఆరుగురు ఆడవాళ్ళు. బస్సును వెనక్కి తిప్పి ఇరుకు సందులో పెట్టడంలో మిగతా అయిదుగురినే కాదు, మొత్తం బ్యాచీని మించిపోయింది ఆమె. పొడుగ్గా, భారంగా ఉండే ఆ బండి తన చెయ్యి చెప్పినట్టు వింటుంటే ఆమెకు కాళ్ళు నేల మీద నిలిచేవి కావు.

గుండె సంగతి అంతకు ముందు నుంచే ఉంది. పదిహేనో ఏట, స్కూల్లో కింద పడిన పెన్ను తీసుకుందామని వంగితే, స్విచ్చి వేసినట్టు టక్కున గుండె పరుగందుకుంది. దడ అంటే మామూలు దడ కాదు. గొంతులో ఏదో పక్షి ఇరుక్కుని రెక్కలు కొట్టుకున్నట్టు, చెవుల్లో ఎవరో బల్ల మీద వేళ్ళతో వాయించినట్టు. పది నిమిషాల తర్వాత మళ్ళీ టక్కున ఆగిపోయింది. ఆ పిమ్మట ఏడాదికి రెండు మూడుసార్లు వచ్చేది. వాళ్ళమ్మ ఖాళీ కడుపు వల్ల అంది. డాక్టరు దగ్గరకు తీసుకెళ్ళేలోపు అది తగ్గిపోయేది. వైర్లు పెట్టి కాగితం మీద గీత తీస్తే, ఆ గీత బుద్ధిమంతురాలిలా తిన్నగా ఉండేది. ఆ జబ్బు మాయ అంతా అక్కడే ఉంది. వచ్చినప్పుడు సాక్షి లేడు, సాక్షి దొరికేసరికి అది లేదు.

డ్రైవింగు చివరి పరీక్ష రోజున అది వచ్చింది. బస్సులో ప్రయాణికులు లేరు, పక్క సీట్లో పరీక్ష పెట్టే ఆయన ఒక్కడే ఉన్నాడు. వంతెన దిగి మలుపు తిరగగానే గుండె అందుకుంది. ఆమె చెయ్యవలసినదంతా చేసింది. ఇండికేటరు వేసింది, వేగం తగ్గించింది, బండిని రోడ్డు వారకు తెచ్చి ఆపింది, హ్యాండ్‌బ్రేకు లాగింది, ఇంజను ఆపేసింది. అప్పుడు, "గుండె అదురుతోంది సార్, ఓ పది నిమిషాలు ఆగుదాం" అని చెప్పింది. బస్సు అంగుళం కూడా అటూఇటూ అవలేదు. ఆయన మాత్రం రెండు చేతులతో ముందున్న కడ్డీ పట్టుకుని కూర్చున్నాడు.

కంపెనీ డాక్టరు గదికి చేరేసరికి ఇరవై అయిదు నిమిషాలైంది. గుండె ఎప్పుడో సద్దుమణిగింది. ఆయన నాడి చూసి, పెదవి విరిచి, ఇంట్లో గొడవలున్నాయా, నిద్ర పడుతోందా, ఏడుపొస్తుందా అని అడిగాడు. గొడవల్లేవు, నిద్ర పడుతోంది, ఏడుపు రాదు అని ఆమె చెప్పింది. ఆయన ఏం విన్నాడో, ఫైలులో మాత్రం 'ఆందోళన రోగం, డ్రైవింగుకు తగదు' అని రాసి, మనసు నెమ్మదించడానికి మాత్రలిచ్చాడు. వారం తిరక్కుండా ఆమెను అద్దాల గదిలో కూర్చోబెట్టారు. భర్త పరీక్ష గట్టెక్కాడు. అప్పుడు ఆమెకు ఇరవై ఏడేళ్ళు, పాపకు మూడేళ్ళు.

ఆ మాత్రలు వేసుకుంటే నోరు పిడచకట్టుకుపోయేది, పగలంతా తలలో దూది కూరినట్టుండేది. గుండె మాత్రం తన దారి తనదే. ఏడాదికి మూడుసార్లు వచ్చేది ఆరుసార్లయింది, తర్వాత నెలకోసారి. వచ్చినప్పుడల్లా ఆమె చార్టు పుస్తకం మూసి, మొహం మీద చన్నీళ్ళు చల్లుకుని, నేల మీద పడుకుని కాళ్ళు కుర్చీ మీద పెట్టుకునేది. అద్దాల గది కాబట్టి యార్డంతటికీ ఆ దృశ్యం కనిపించేది. పేరు అక్కడే పుట్టి ఉంటుంది.

భర్త ఎప్పుడూ విసుక్కోలేదు. "దాని గురించి ఆలోచించకు, ఆలోచిస్తేనే వస్తుంది" అని నెమ్మదిగా చెప్పేవాడు. కూతురు పెద్దదై వేరే ఊళ్ళో ఉద్యోగంలో చేరాక, ఫోన్లో "ఊపిరి లోతుగా పీల్చు అమ్మా" అనేది. ఆమె లిఫ్టులెక్కడం మానేసింది. జనం ఉన్నచోట తలుపు పక్క కుర్చీ వెతుక్కునేది. ఇరుగింటావిడ పసిపిల్లను ఎత్తుకోమంటే చేతులు వెనక్కి పెట్టుకునేది. ఇన్నేళ్ళలో అన్నిటికన్నా పెద్ద నష్టం ఇంకోటి జరిగింది. ఆ డాక్టరు రాసింది ఆమే నమ్మేసింది. నేను పిరికిదాన్ని, నా మనసే నన్నిలా ఆడిస్తోంది అనుకునేది. గుండె కొట్టుకుంటున్నప్పుడు తనను తనే తిట్టుకునేది.

నలభై ఆరో ఏట భర్త మోకాలికి ఎక్స్‌రే తీయించడానికి ఇద్దరూ ఆస్పత్రికి వెళ్ళారు. అతను లోపలికెళ్ళాడు. ఆమె వరండాలో బెంచీ మీద కూర్చుంది. ఒళ్ళోంచి కాగితాలు జారితే తీద్దామని వంగింది. అంతే, అందుకుంది. నలుగురూ చూస్తారని సిగ్గుపడి ఆమె లేచి, గోడ వైపు తిరిగి నిలబడింది.

ఎదురు గదిలో గుండె గీతలు తీసే టెక్నీషియను టీ తాగుతోంది. యాభై దాటిన మనిషి, కళ్ళజోడు దారానికి కట్టి మెళ్ళో వేసుకుంది. అంత దూరం నుంచే ఈమె మెడ దగ్గర నరం ఎగిరెగిరి పడటం చూసింది. కప్పు కింద పెట్టి వచ్చి అడక్కుండానే చెయ్యి పట్టుకుంది.

"ఎంతసేపయింది?"

"ఇప్పుడే. ఏం లేదండీ, నాకు గాభరా. అదే పోతుంది."

"గాభరాకి ఇలా కొట్టుకోదమ్మా. నడవండి, పోకముందే పట్టుకుందాం."

ఆవిడ మంచం మీద పడుకోబెట్టి, గుండీలు తీసి, చకచకా వైర్లు అంటించింది. మిషను కిరకిరమని కాగితం కక్కింది. గీతలు గోడకు కొట్టిన మేకుల్లా ఒకదాన్నొకటి ఆనుకుని ఉన్నాయి. ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని చూసి, కాగితం ఈమె మొహం ముందుకు తెచ్చింది. "నిమిషానికి రెండువందల ఎనిమిది. ఎవరన్నారు మీకు గాభరా అని?"

ఆ ప్రశ్నకు ఆమె సమాధానం చెప్పాలంటే ఊరంతటి పేర్లూ చెప్పాలి.

డాక్టరు పరుగున వచ్చింది. పది క్షణాలు ప్రాణం పోతున్నట్టు ఉంటుంది, కానీ పోదు అని ముందే చెప్పి ఇంజక్షను ఇచ్చింది. నిజంగానే ఛాతీ మీద ఎవరో కూర్చున్నట్టయింది, లోకం ఒక్క క్షణం ఆగింది, తర్వాత గుండె మామూలు నడకలో పడింది. డాక్టరు కాగితం వెనక బొమ్మ గీసి వివరించింది. గుండె కొట్టుకోవడానికి కరెంటు వెళ్ళే దారి ఒకటుంటుందట. ఈమెకు పుట్టుకతోనే పక్కన ఇంకో సన్న దారి ఉంది. ఒక్కోసారి కరెంటు ఒక దారిలో దిగి, రెండో దారిలో ఎక్కి, గుండ్రంగా తిరగడం మొదలెడుతుంది. మనసుకూ దానికీ సంబంధం లేదు. తొడ నరంలోంచి సన్న తీగలు పంపి, ఆ రెండో దారిని వేడితో కాల్చేస్తే సరిపోతుంది. నూటికి ఒకరికి అసలు దారి కూడా దెబ్బతిని, గుండెకు మిషను పెట్టాల్సి రావచ్చు. ఆలోచించుకుని రమ్మంది.

ఆమెకు ఆలోచించుకోవడానికి ఏమీ కనబడలేదు. గీతల కాగితం ఇంకో కాపీ తీసిమ్మని టెక్నీషియనును అడిగింది. దాన్ని నాలుగు మడతలు పెట్టి సంచిలో దాచుకుంది.

మూడు వారాల తర్వాత ఆమెను చల్లటి గదిలో సన్నటి బల్ల మీద పడుకోబెట్టారు. చుట్టూ తెరలు, తెరల మీద పాకే గీతలు. ఈ పనికే ప్రత్యేకమైన డాక్టరు సరదా మనిషి. "చదివింది వైద్యమే కానీ చేసేది ఎలక్ట్రీషియను పనమ్మా. వైరింగులో లోపం వెతుకుతాం" అన్నాడు. తొడ దగ్గర మొద్దుబారేలా సూది వేశారు. మత్తు ఇవ్వలేదు, ఇస్తే గుండె దొంగ వేషాలు వేస్తుందట. తీగలు లోపలికి వెళ్ళడం నొప్పిగా లేదు కానీ, ఎవరో తన ఇంట్లో దీపం పట్టుకుని గదిగదీ తిరుగుతున్నట్టనిపించింది.

"ఇప్పుడు మేమే దాన్ని తెప్పిస్తాం, కంగారు పడకండి" అన్నాడాయన. అవతల ఎవరో మీట నొక్కారు. గుండె ఉరికింది. అదే పరుగు, గొంతులో అదే పక్షి. ఇంకో మీట నొక్కారు. ఆగింది. మళ్ళీ నొక్కారు, వచ్చింది. మళ్ళీ నొక్కారు, పోయింది.

బల్ల మీద ఆమె కళ్ళ నుంచి నీళ్ళు కారి చెవుల్లోకి దిగాయి. నొప్పేమో అనుకుని నర్సు చెయ్యి పట్టుకుంది. నొప్పి కాదు. ఇన్నేళ్ళుగా తన స్వభావం అన్నారు, తన బుద్ధి అన్నారు, తన పిరికితనం అన్నారు. అది ఎవరో ముక్కూమొహం తెలియని మనిషి వేలితో నొక్కితే వచ్చి, నొక్కితే పోతోంది.

తర్వాత ఛాతీలో చిన్న మంట. కాసేపు ఆగి ఇంకోటి. మరోటి. ఆ పైన అరగంట పాటు మీటలు ఎన్ని నొక్కినా గుండె ఉలకలేదు, పలకలేదు. "అయిపోయింది. ఇక రాదు" అన్నాడు డాక్టరు.

"కాల్చడం ఎంతసేపు పట్టింది డాక్టరుగారూ?"

"అన్నీ కలిపినా రెండు నిమిషాలు ఉండదమ్మా."

"పంతొమ్మిదేళ్ళ కింద కూడా ఇది చేసేవాళ్ళా?"

ఆయన దండం పెడుతుందేమోనని చూస్తున్నవాడు కాస్త తడబడ్డాడు. "ఆ, అప్పటికే చేస్తున్నారు. ఎవరైనా పంపించి ఉంటే..." అని ఆగిపోయాడు. ఆమె మొహం గోడ వైపు తిప్పుకుంది.

ఆరు గంటలు కాలు కదపకుండా వెల్లకిలా పడుకోమన్నారు. భర్త లోపలికొచ్చి మంచం పక్కన నిలబడ్డాడు. అతని మొహం వెలిగిపోతోంది. "ఇంతేనా! దీనికా ఇన్నేళ్ళు భయపడి చచ్చావు?" అన్నాడు. సంతోషంతోనే అన్నాడు. ఆమెకు అరికాలి మంట నెత్తికెక్కింది. కాలు కదపకూడదని గుర్తుంచుకుని, పిడికిలి మాత్రం దుప్పటి కింద బిగించింది.

మాత్రలు కొంచెం కొంచెంగా మానిపించారు. తలలోని దూది తొలగిపోయాక లోకం మరీ స్పష్టంగా కనబడసాగింది. ఆమె ఆస్పత్రి సర్టిఫికెట్టు పట్టుకుని డిపో మేనేజరు దగ్గరకెళ్ళింది. డ్రైవరు పరీక్ష మళ్ళీ పెట్టమంది. ఆయన మంచివాడే. సర్టిఫికెట్టు రెండుసార్లు చదివి నిట్టూర్చాడు. కొత్త డ్రైవర్లకు వయసు నలభై దాటకూడదని నియమం. పైవాళ్ళకు అర్జీ పెట్టుకుంటే, అప్పట్లో జరిగింది తప్పని వాళ్ళు ఒప్పుకుంటే, ఏమో, చూడాలి అన్నాడు. అర్జీకి పాత ఫైలు కాపీ కావాలన్నాడు.

ఫైలు కాపీ అద్దాల గదికి వచ్చింది. ఆమె చార్టు పక్కకు నెట్టి చదివింది. మొదటి పేజీలో పరీక్ష పెట్టినాయన రాసింది ఉంది: అభ్యర్థి బండిని క్షేమంగా ఆపింది. రెండో పేజీలో డాక్టరు రాసింది. మూడో పేజీ ఉందని ఆమెకు ఇన్నాళ్ళూ తెలియదు. పరీక్ష అయిన రెండు రోజులకు రాసింది. 'భర్త, ఇదే డిపో ఉద్యోగి, పిలిపించి అడగగా చెప్పినది: నా భార్య మొదటి నుంచీ భయస్తురాలు. చిన్న విషయాలకే కంగారు పడుతుంది. పెద్ద బండి తన వల్ల కాదని నాతో చాలాసార్లు అంది. ఆమెకు డ్రైవింగు ఇవ్వకపోవడమే మంచిది.' కింద అతని సంతకం. చివరి అక్షరానికి తోక లాగడం అతని అలవాటు. ఆ తోక కూడా ఉంది.

ఆమె ఆ మాట అతనితో ఎన్నడూ అనలేదు.

గుండె పరుగు తీస్తుందేమోనని అలవాటుగా మెడ మీద వేళ్ళు పెట్టి చూసుకుంది. నింపాదిగా కొట్టుకుంటోంది. ఆ నిమిషాన అది కూడా తనను మోసం చేసినట్టే అనిపించింది.

సాయంత్రం ఇంట్లో భర్త మోకాలికి వేడినీళ్ళ సంచి కాపడం పెట్టుకుంటున్నాడు. ఆమె కాగితం బల్ల మీద పరిచింది. అతను చదివాడు. చదవక ముందే తెలిసిపోయిందని అతని మెడ వంగిన తీరే చెప్పింది. సంచిని అటూ ఇటూ జరిపాడు. తర్వాత మొదలుపెట్టాడు. పాపకు అప్పుడు మూడేళ్ళు. ఇద్దరూ పొద్దున్నే షిఫ్టులకు పోతే దాన్ని ఎవరు చూస్తారు. పైగా బస్సు నిండా జనంతో ఆమెకేదైనా అయితే. డాక్టరు అడుగుతుంటే నోటికొచ్చింది చెప్పేశాడు. ఇంత దూరం వస్తుందనుకోలేదు.

"నాకు భయమేసింది" అన్నాడు చివరికి.

"భయం నీది. రాయించింది నా పేరు మీద."

"రాసింది డాక్టరే కదా..."

"మాత్రలు మింగింది నేను."

అతను తప్పయిపోయింది అన్నాడు. ఆమె విన్నది. పరవాలేదు అనడానికి నోరు రాలేదు. అనకపోతే ఏమవుతుందో చూద్దామనుకుంది. ఏమీ కాలేదు. వేడినీళ్ళ సంచి చల్లారింది, అతను లేచి కుంటుకుంటూ వెళ్ళి పడుకున్నాడు.

ఫోన్లో విషయం విని కూతురు కాసేపు ఏడ్చింది. "నాన్న చెడ్డవాడు కాదమ్మా" అంది.

"కాదు. చెడ్డవాడైతేనే బాగుండేది" అంది ఆమె.

ఇన్నేళ్ళూ ఆమె చార్టులో ఒక పక్షపాతం చేసేది, అది డిపో అంతటికీ తెలుసు. భర్తకు ఊళ్ళో తిరిగే చిన్న రూటు, సాయంత్రానికి ఇల్లు చేరే డ్యూటీ వేసేది. ఆ నెల నుంచి అతని పేరును వరస ప్రకారం ఎక్కడ పడితే అక్కడ వదిలేసింది. మొదటి వారమే కొండల మీది ఘాట్ రోడ్డు పడింది. మలుపుకో క్లచ్చు, మోకాలు పచ్చిపుండు. అతను చార్టు చూసుకుని తాళాలు తీసుకున్నాడు. తోటి డ్రైవర్లు నలుగురూ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. ఆమె చేసింది అన్యాయమేమీ కాదు, నియమమే. కానీ పెన్నుతో దిద్దేటప్పుడు చెయ్యి తేలిగ్గా ఏమీ లేదు.

అర్జీకి నాలుగు నెలలకు జవాబొచ్చింది. ఫైలులోంచి 'ఆందోళన రోగం' అన్న మాట కొట్టివేయబడినదని ఒక వాక్యం. వయోపరిమితి సడలించడం కుదరదని ఇంకో వాక్యం. చింతిస్తున్నాము అన్న మాట ఎక్కడా లేదు. ఆవిడ ఇష్టపడితే యార్డు డ్రైవరుగా వేయవచ్చని అడుగున ఉంది. అంటే రోడ్డెక్కడం ఉండదు. తిరిగొచ్చిన ఖాళీ బస్సులను కడిగే షెడ్డుకు తీసుకెళ్ళి, కడిగాక వరసలో పెట్టడం. షెడ్డుకూ వరసకూ మధ్య మూడువందల అడుగులు. రెండో గేరు దాటే పని పడదు. మేనేజరు మొహం చెల్లక కిటికీలోకి చూస్తూ చెప్పాడు. తీసుకుంటాను అంది ఆమె. చార్టు పుస్తకం మరొకరికి అప్పగించింది.

మొదటి రోజు మెకానిక్కులు, కడిగేవాళ్ళు అందరూ పని ఆపి చూశారు. ఆమె ఎక్కి కూర్చుని, అద్దాలు సరిచేసుకుని, బండి కదిలించింది. చేతులకు అంతా గుర్తుంది. బస్సును ఒక్క తిప్పుడులో వెనక్కి తెచ్చి, రెండు బస్సుల నడుమ అటు జానెడు, ఇటు జానెడు ఎడం ఉండేలా పెట్టింది. ఎవరో చప్పట్లు కొట్టారు. సంతోషం వస్తుందనుకుంది. రాలేదు. ఇంత సులువా, ఇంత సులువైన దానికా, అని ఒళ్ళంతా మండింది. ఇంజను ఆపి చక్రం మీద నుదురానించింది. కడిగేవాళ్ళలో ఒకావిడ కిటికీ కింద నుంచి, గుండె ఎలా ఉందక్కా అని అడిగింది. బాగానే ఉంది అని చెప్పి ఆమె తర్వాతి బస్సు తాళాలు అడిగింది. ఆ రోజు పద్నాలుగు బస్సులు పెట్టింది.

సాయంత్రాల్లో భర్త బండి కూడా వస్తుంది. ఘాట్ దిగి వచ్చిన దుమ్ముతో షెడ్డు ముందు ఆగుతుంది. అతను కడ్డీ పట్టుకుని మెల్లగా దిగి తాళాలు చాపుతాడు. ఆమె అందుకుంటుంది.

"బ్రేకు కొంచెం పక్కకి లాగుతోంది" అంటాడు.

"సరే, రాయిస్తాను" అంటుంది.

ఇంట్లో కూడా ఇప్పుడు వాళ్ళ మధ్య ఇంతకన్నా ఎక్కువ మాటలు లేవు.